అండమాన్ మీద బాంబులు వేసిందెవరు? జపాన్ వాళ్ళా, తెల్లవాళ్ళా?

ప్రశ్న: మేం చెన్నై కొళత్తూరులో ఉంటాం. మా అమ్మమ్మ చిన్నతనం పోర్ట్ బ్లెయిర్‌లో గడిచింది. వాళ్ళ నాన్నగారు చాథమ్ రంపపు మిల్లులో పనిచేసేవారట. బాంబులు ఎక్కువగా వేసింది తెల్లవాళ్ళేనని, విమానం వచ్చి వెళ్ళిపోయాకే అసలు భయం మొదలయ్యేదని ఆవిడ అంటుంది. నేను చదివిన చోటల్లా జపాన్ బాంబు దాడి అనే ఉంది. ఏది నిజం? ఆవిడ చూసిన దాడి ఏదో కనుక్కోవచ్చా? ఈ కథలో చెన్నైకి ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం:

మీ అమ్మమ్మగారు చెప్పింది నిజం. మీరు చదివిందీ అబద్ధం కాదు. కాకపోతే అది 1942 మార్చి వరకే వర్తిస్తుంది. ఆ తర్వాత మూడేళ్ళకు పైగా ఆ దీవుల మీద పడిన బాంబులన్నీ మిత్రపక్షాలవే, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌తో పోరాడిన బ్రిటన్, అమెరికాల కూటమివే. ఆవిడ అన్న రెండో మాట ఇంకా ముఖ్యమైనది. దాని గురించి కాస్త ఎక్కువగానే రాస్తాను.

నేను వైమానిక దళంలో గ్రౌండ్ స్టాఫ్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో కొంతకాలం కార్ నికోబార్‌లో ఉన్నాను. ఇప్పుడు రెడ్‌హిల్స్ దగ్గర ఉంటున్నాను. మేం రోజూ వాడిన రన్‌వేకి పునాది వేసింది జపాన్ వాళ్ళని, దానికి రాళ్ళు మోసింది నికోబారీలని అక్కడి పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. అప్పటి నుంచి ఈ దీవుల యుద్ధ చరిత్ర పట్టుకున్నాను.

ముందు మ్యాపు తీసి దూరాలు చూడండి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,360 కిలోమీటర్లు. కలకత్తా నుంచి సుమారు 1,300. రంగూన్ నుంచి మాత్రం 700 కూడా లేదు. రంగూన్ ఎవరి చేతిలో ఉంటే అండమాన్ ఆకాశం వాళ్ళదే. యుద్ధమంతా ఈ ఒక్క లెక్క మీదే నడిచింది.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఇక పోర్ట్ బ్లెయిర్‌ను కాపాడలేమని బ్రిటిష్ వాళ్ళు తేల్చుకుని, మార్చి 10న తమ గూర్ఖా దళాన్ని వెనక్కి తీసుకున్నారు. మిగిలింది దాదాపు 300 మంది సిక్కు మిలిటరీ పోలీసులు, 23 మంది ఇంగ్లీషు అధికారులు. జపాన్ విమానాలు వచ్చి బాంబులు వేసింది ఈ రోజుల్లోనే. చాథమ్ మిల్లు ఆవరణలో పెద్ద బాంబు గుంత ఒకటి ఇప్పటికీ చూపిస్తారు. జపాన్ బాంబు పడిన చోటు అని చెబుతారు. మీ ముత్తాతగారు పనిచేసిన చోటే కాబట్టి వెళ్ళినప్పుడు తప్పక చూడండి. మార్చి 23న జపాన్ సైన్యం దిగింది. మూడు నాలుగు గంటల్లో ఊరంతా వాళ్ళ చేతికొచ్చింది. ఎదురుకాల్పులు లేవు. ఇళ్ళలో జొరబడిన సైనికుల మీద జుల్ఫికర్ అలీ అనే కుర్రాడు ఎయిర్‌గన్ పేల్చాడు. వాడిని పట్టుకుని, హింసించి, అందరూ చూస్తుండగా కాల్చేశారు. అండమాన్‌లో ఈ పేరు తెలియనివాళ్ళు ఉండరు. మన వైపు మాత్రం దాదాపు ఎవరికీ తెలియదు.

ఇక మిత్రపక్షాల సంగతి. జపాన్ దిగిన పది పదకొండు రోజులకే, ఏప్రిల్ 2 అర్ధరాత్రి దాటాక, పోర్ట్ బ్లెయిర్ రేవులో ఉన్న ఓడల మీద బాంబులు పడ్డాయి. వేసింది ఇంగ్లీషు వాళ్ళు కాదు, అమెరికా వాళ్ళు. మన దేశంలో అప్పుడే కాళ్ళు కూడదీసుకుంటున్న అమెరికా టెన్త్ ఎయిర్ ఫోర్స్ చేసిన మొట్టమొదటి యుద్ధ ప్రయాణం ఇది. దాని అధిపతి మేజర్ జనరల్ లూయిస్ బ్రెరెటన్ స్వయంగా విమానం ఎక్కి వచ్చాడు. వచ్చినవి నాలుగు ఇంజన్ల పెద్ద బాంబర్లు, అవీ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. నష్టం పెద్దగా జరగలేదు. పేపర్లకు మాత్రం మంచి వార్త దొరికింది.

అదే ఏప్రిల్ మధ్యలో ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) హడ్సన్ విమానాలు బర్మా తీరంలోని అక్యాబ్ మీదుగా వచ్చి దాడి చేశాయి. వాటి గురి ఊరి మీద కాదు. రేవులో నీళ్ళ మీద లంగరేసి ఉన్న జపాన్ ఫ్లయింగ్ బోట్ల మీద. మార్చి చివరికల్లా జపాన్ వాళ్ళు కవనిషి రకం నాలుగు ఇంజన్ల ఫ్లయింగ్ బోట్లను పోర్ట్ బ్లెయిర్‌లో దించారు. రన్‌వే అక్కర్లేదు, ప్రశాంతమైన నీళ్ళుంటే చాలు. అక్కడి నుంచి బంగాళాఖాతం అంతా గాలించడం వాటి పని. అండమాన్ మీద జపాన్ మోజు పడింది దీనికోసమే. అక్కడి కొబ్బరికాయల కోసం కాదు, కలప కోసమూ కాదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళలో బాగా ప్రచారంలో ఉన్న మాట ఒకటి సరిచేయాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేసిన విమానాలు అండమాన్ నుంచి వచ్చాయని చాలామంది రాస్తుంటారు. కాదు. అవి ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచినవి. జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం బర్మాలోని మెర్గుయి నుంచి బయలుదేరి, అండమాన్‌కు ఉత్తరంగా బంగాళాఖాతంలోకి వచ్చి, కొద్ది రోజుల్లో 20కి పైగా సరుకు ఓడలను ముంచేసింది. అటు సింహళంలో ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ దెబ్బతిన్నాయి. ఇదంతా ఒకే పథకం.

చెన్నై సంగతి అడిగారు కదా, మొదటి ముడి ఇదే. ఆ ఏప్రిల్‌లో ఇక్కడ పుట్టిన హడావిడి అంతా ఇంతా కాదు. జపాన్ వాళ్ళు మద్రాసులో దిగబోతున్నారని గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రభుత్వం ఆఫీసులను లోపలి ఊళ్ళకు తరలించింది. జనం దొరికిన రైలెక్కి సొంతూళ్ళకు పోయారు. బాంబులు పడితే పులులు, సింహాలు బోన్లు దాటి ఊరి మీద పడతాయని జూలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. మా వీధిలో పెద్దవాళ్ళు నిన్నమొన్నటి దాకా 'ఇవాక్యుయేషన్ అప్పుడు' అనే కాలం లెక్కపెట్టేవాళ్ళు. తీరా మద్రాసు మీద జపాన్ బాంబు పడింది ఏడాదిన్నర తర్వాత, 1943 అక్టోబరులో. ఒకే ఒక్క విమానం వచ్చి నాలుగు వేసి పోయింది. అప్పటికి ఊరు ఆ భయం మర్చిపోయింది కూడా.

1942 మే మొదట్లో అక్యాబ్ కూడా పోయింది. దాంతో హడ్సన్ లాంటి విమానాలకు పోర్ట్ బ్లెయిర్ అందకుండా పోయింది. ఆ తర్వాత చాలాకాలం దీవుల మీదికి వచ్చినవి ఎక్కువగా ఒంటరి విమానాలు. చాలా ఎత్తున తిరిగి, ఫొటోలు తీసుకుని, కొన్నిసార్లు ఏవో రెండు బాంబులు వదిలి వెళ్ళిపోయేవి.

మీ అమ్మమ్మగారు అన్న భయం అక్కడ మొదలవుతుంది.

పోర్ట్ బ్లెయిర్‌లోని జపాన్ కమాండర్ స్థానంలో ఒక్క నిమిషం కూర్చోండి. చుట్టూ సముద్రం. కొత్త నిల్వ డిపో ఒకటి చెట్ల కింద కట్టించాడు. రెండు వారాల్లో విమానం వచ్చి సరిగ్గా దాని పక్కనే బాంబు వేసింది. ఎలా తెలిసింది? ఊళ్ళో ఎవడో చెప్పాడు, వైర్‌లెస్ దాచి వార్త పంపుతున్నాడు, రాత్రి లాంతరు ఊపి దారి చూపిస్తున్నాడు. అతనికి తోచిన జవాబు ఇదే.

నిజానికి ఆ పని చేసింది కెమెరా. సర్వీసులో ఏరియల్ ఫొటోలతో కాస్త పరిచయం ఉంది కాబట్టి చెబుతున్నాను. పొద్దునా సాయంత్రమూ తీసిన ఫొటోలో కట్టడం కనిపించకపోయినా దాని నీడ కనిపిస్తుంది. పైకప్పు మీద ఎన్ని కొబ్బరి మట్టలు కప్పినా, దానివైపు లారీలు పోయిన కొత్త బాట పట్టిచ్చేస్తుంది. కార్ నికోబార్ అయితే మరీ సులభం. అది పగడపు దీవి, బల్లపరుపుగా ఉంటుంది. పైన ఉన్న పల్చటి మట్టి గీకితే కింద తెల్లగా పగడపు రాయి బయటపడుతుంది. నల్లటి కొబ్బరి తోటల మధ్య కొత్తగా చదును చేసిన రన్‌వే పైనుంచి చూస్తే సున్నం గీత గీసినట్టు కొట్టొచ్చినట్టు ఉంటుంది. దానికి గూఢచారి ఎందుకు?

కానీ పట్టుబడింది ఊరి జనం. 1943 జనవరి నుంచి అరెస్టులు ఊపందుకున్నాయి. విచిత్రమేమిటంటే మొదట బలైనవాళ్ళు జపాన్ వాళ్ళ కింద పనిచేస్తున్న స్థానిక అధికారులే. పోలీసు అధికారులు నారాయణరావు, ఇత్తర్ సింగ్, మరికొందరిని సెల్యులార్ జైలులో పెట్టి చిత్రహింసలతో నేరం ఒప్పించి మార్చిలో కాల్చేశారు. 1938 నాటికల్లా రాజకీయ ఖైదీలందరినీ స్వదేశానికి పంపేశారు కాబట్టి ఆ జైలు కథ అక్కడితో అయిపోయిందని మనం అనుకుంటాం. అదే గదుల్లో, ఈసారి మామూలు గుమాస్తాలు, డాక్టర్లు, టీచర్లు పడ్డ బాధ గురించి లైట్ అండ్ సౌండ్ షో చూసి వచ్చేవాళ్ళలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

మరి దీవుల్లో నిజమైన గూఢచారులు లేరా అంటే, ఉన్నారు. యుద్ధానికి ముందు పోర్ట్ బ్లెయిర్‌లో పోలీసు అధికారిగా చేసిన మేజర్ డెనిస్ మెకార్తీ సరిగ్గా ఆ 1943 జనవరిలోనే డచ్ సబ్‌మెరైన్ ఓ-24 ఎక్కి వచ్చి, కొద్దిమంది భారతీయ సిపాయిలతో చిన్న పడవల్లో తీరం చేరాడు. అడవుల్లో దాక్కుంటూ, పాత పరిచయస్తులను కలుస్తూ, జపాన్ బలగం ఎంతో ఎక్కడుందో లెక్క తీసుకుని వారాల తర్వాత మళ్ళీ సబ్‌మెరైన్‌లోనే క్షేమంగా వెళ్ళిపోయాడు. అసలువాడు చేతికి చిక్కలేదు. ఊరి పెద్దలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ సాహసాన్ని ఇంగ్లీషు పుస్తకాలు మహా ఉత్సాహంగా రాస్తాయి. అడవిలో అతని కాలి ముద్రలు మిగిల్చిన అనుమానానికి ఊళ్ళో ఎవరు మూల్యం కట్టారన్నది ఆ ఉత్సాహంలో కొట్టుకుపోతుంది. అది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

తర్వాతి దఫా ఇంకా ఘోరం. డాక్టర్ దివాన్ సింగ్ అనే పంజాబీ కవి, ఊరి జనం తరఫున జపాన్ వాళ్ళతో మాట్లాడే సంఘానికి పెద్ద. ఆయన్ని 1943 అక్టోబరులో పట్టుకుని సెల్యులార్ జైలులో నెలల తరబడి హింసించారు. 1944 జనవరి 14న అక్కడే ప్రాణం పోయింది. జనవరి 30న 44 మందిని లారీల్లో ఎక్కించి హంఫ్రీగంజ్ దగ్గర వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. సరిగ్గా నెల ముందు, 1943 డిసెంబరు 30న, పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో నేతాజీ జెండా ఎగరేశారు. ఆయన వచ్చి వెళ్ళిన రోజుల్లోనే దివాన్ సింగ్ జైలులో ఉన్నారు. జపాన్ వాళ్ళు నేతాజీకి ఏం చూపించాలో అదే చూపించారు. తర్వాత నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున గవర్నరుగా వచ్చిన ఎ.డి.లోగనాథన్ తమిళుడు, సైనిక వైద్యుడు. పేరుకు గవర్నరే గానీ చేతికి వచ్చింది దాదాపు విద్యాశాఖ ఒక్కటే. పోలీసు వ్యవహారాలు జపాన్ వాళ్ళు వదల్లేదు. నేతాజీని అభిమానించేవాళ్ళు ఈ భాగం దాటేస్తారు, తిట్టేవాళ్ళు దీన్ని మాత్రమే చెబుతారు. రెండూ చదివినా హంఫ్రీగంజ్‌లో చనిపోయినవాళ్ళ గురించి పెద్దగా తెలిసేది ఉండదు.

ఇంత జరుగుతుంటే మిత్రపక్షాలు దీవులను తిరిగి ఎందుకు తీసుకోలేదని అడుగుతారేమో. తీసుకోవాలనే అనుకున్నారు. 1943 నవంబరులో కైరో సమావేశంలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌కి మాటిచ్చిన దాడి ఇదే. బక్కనీర్ అని పేరు కూడా పెట్టారు. కానీ సైన్యాన్ని ఒడ్డుకు దించే పడవలు యూరప్‌లో కావాల్సి వచ్చాయి. డిసెంబరులోనే రద్దు చేసేశారు. ఆ తర్వాత అండమాన్, నికోబార్‌లు మిత్రపక్షాలకు తిరిగి గెలుచుకోవాల్సిన చోట్లు కావు. అవతలివాడిని తికమకపెట్టడానికి అప్పుడప్పుడూ కొట్టే చోట్లు.

1944లో జరిగిన రెండు దాడులు చూస్తే ఇది అర్థమవుతుంది. జూన్ 21న ఇలస్ట్రియస్ అనే విమానవాహక నౌక నుంచి బారకుడా, కోర్సెయిర్ విమానాలు లేచి పోర్ట్ బ్లెయిర్ మీద పడ్డాయి. ఆపరేషన్ పెడల్. అక్టోబరు 17 నుంచి 19 దాకా విక్టోరియస్, ఇండోమిటబుల్ నౌకలు, రినౌన్ అనే యుద్ధనౌక నికోబార్ దీవులను బాదాయి. ఆపరేషన్ మిల్లెట్. ఆఖరి రోజున జపాన్ ఫైటర్లు ఎదురొచ్చి ఆకాశంలో పోరు కూడా జరిగింది. ఇంత హంగామా ఎందుకు? అక్టోబరు 20న ఎక్కడో ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవిలో అమెరికా జనరల్ మెకార్థర్ సైన్యం దిగబోతోంది. జపాన్ కళ్ళు ఇటు తిప్పడానికి. జపాన్ ఒక్క ఓడ కూడా ఇటు తిప్పలేదు. బాంబులు మాత్రం నికోబార్ మీద పడ్డాయి.

1945 మే 3న రంగూన్ తిరిగి బ్రిటిష్ వశమైంది. మొదట చెప్పిన దూరాల లెక్క తిరగబడింది. ఏప్రిల్ 30 నుంచి మే మొదటి రోజుల దాకా బ్రిటిష్ యుద్ధనౌక క్వీన్ ఎలిజబెత్, ఫ్రెంచి నౌక రిషెలూ ఉన్న దళం కార్ నికోబార్‌ను, పోర్ట్ బ్లెయిర్‌ను సముద్రం మీది నుంచి ఫిరంగులతో, విమానాలతో కొట్టింది. సింగపూర్ నుంచి దీవులకు సరుకు తీసుకుని, అక్కడి దళాలను వెనక్కి తేవడానికి బయలుదేరిన హగురో అనే జపాన్ క్రూయిజర్‌ను మే 16 తెల్లవారుజామున పినాంగ్ దగ్గర అయిదు బ్రిటిష్ డిస్ట్రాయర్లు టార్పెడోలతో ముంచేశాయి. అంటే దీవులకు తిండి దారి మూసుకుపోయింది. మిలిటరీ చరిత్ర ఇష్టపడేవాళ్ళకు హగురో పోరు పెద్ద విందు. పోర్ట్ బ్లెయిర్ జనానికి దాని అర్థం బియ్యం లేకపోవడం.

తిండి కరువైన ఆ నెలల్లోనే పాత కథ మళ్ళీ నడిచింది. జులైలో బ్రిటిష్ నౌకలు కార్ నికోబార్ చుట్టూ మైన్లు తీస్తూ, విమానాలతో దాడులు చేస్తూ తిరిగాయి. వాటికి సంకేతాలు ఇస్తున్నారన్న అనుమానంతో జపాన్ వాళ్ళు నికోబారీలను పట్టుకుని హింసించారు, చంపారు. తర్వాత బిషప్ అయి, 1952లో లోక్‌సభకు నామినేట్ అయిన జాన్ రిచర్డ్‌సన్ అప్పుడు చావు అంచు దాకా వెళ్ళి బతికిన మనిషి. నేను కార్ నికోబార్‌లో ఉన్నప్పుడు ఆయన పేరెత్తితే పెద్దవాళ్ళు మాట మధ్యలో ఆపి ఒకసారి తల వంచేవాళ్ళు. 1946లో సింగపూర్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణల్లో కార్ నికోబార్ కేసు కూడా ఉంది.

ఆగస్టులో పోర్ట్ బ్లెయిర్ నుంచి కొన్ని వందల మందిని, తిండికి బరువని తోచినవాళ్ళను, వ్యవసాయం చేయిస్తామని చెప్పి రాత్రిపూట పడవలెక్కించి హేవ్‌లాక్ వైపు తీసుకెళ్ళి ఒడ్డుకు దూరంగానే నీళ్ళలోకి తోసేశారు. చాలామంది మునిగిపోయారు. ఈదుకుంటూ ఒడ్డెక్కినవాళ్ళలో ఎక్కువమంది ఆకలికి చనిపోయారు. ఆ హేవ్‌లాక్‌లోనే ఇప్పుడు మనవాళ్ళు హనీమూన్ ఫొటోలు దిగుతున్నారు. దిగొద్దని కాదు, ఒక్క బోర్డు కూడా ఎవరి కంటా పడకపోవడం బాధ. 1945 అక్టోబరు 7న జింఖానా మైదానంలోనే వైస్ అడ్మిరల్ తెయిజో హారా, బ్రిగేడియర్ సాలమన్స్ ముందు లొంగిపోయాడు. జపాన్ దేశం లొంగిపోయిన ఏడు వారాలకు గానీ వీళ్ళ దాకా రాలేదు.

కాబట్టి బాంబుల సంఖ్య పట్టుకుని ఈ దీవుల చరిత్ర రాస్తే సగం కూడా రాయనట్టే. లండన్ మీదో, రంగూన్ మీదో పడినన్ని బాంబులు ఇక్కడ పడలేదు. బాంబు వల్ల పోయిన స్థానికుల కంటే, బాంబు తర్వాత పుట్టిన అనుమానం వల్ల పోయినవాళ్ళే ఎక్కువని నా అంచనా. ఏ దాడి తర్వాత ఎన్ని రోజులకు ఎవరిని పట్టుకెళ్ళారన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే మీ అమ్మమ్మగారి మాటకు ఆధారం దొరుకుతుంది.

ఇక ఆవిడ చూసిన దాడి ఏదో పట్టుకోవడం. తేదీ అడగకండి, ఎవరికీ గుర్తుండదు. చుట్టూ ఉన్న విషయాలు అడగండి. చిన్న, వేగమైన విమానాలు గుంపుగా పొద్దున్నే వచ్చి కిందికి దూసుకొచ్చాయంటే చాలావరకు 1944 జూన్ 21. విమానాలతో పాటు సముద్రం వైపు నుంచి ఉరుముల్లా మోత వినిపించిందంటే 1945 ఏప్రిల్, మే. నాలుగు ఇంజన్ల పెద్ద విమానం ఒంటరిగా చాలా ఎత్తున తిరిగిందంటే తేదీ దొరకడం కష్టమే, అలాంటివి మూడేళ్ళూ వచ్చాయి. అప్పటికి ఇంట్లో అన్నం వండేవాళ్ళా, కర్రపెండలం దుంపలు తినేవాళ్ళా అని అడగండి. దుంపలంటే చివరి ఏడాది వైపు చూడాలి. బడిలో జపాన్ భాష చెప్పేవాళ్ళా, అప్పటికి ఏ తరగతి, తమ్ముడో చెల్లెలో పుట్టారా, వీధిలో ఎవరినైనా పట్టుకెళ్ళారా. ఈ చివరిదానికి జవాబు చెప్పడానికి చాలామంది ఇష్టపడరు. బలవంతం చేయకండి. చెబితే మాత్రం ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

రికార్డుల విషయం. ఆర్‌ఏఎఫ్ స్క్వాడ్రన్లు రోజువారీగా రాసిన పుస్తకాలు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరసలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. ఏ విమానం ఎప్పుడు లేచింది, ఏం చూసింది, ఎప్పుడు దిగింది అన్నీ ఉంటాయి. కింద ఎవరు చనిపోయారన్నది మాత్రం ఆ పుస్తకాల్లో ఉండదు. జపాన్ వాళ్ళ పాత కాగితాలను వాళ్ళ ఆర్కైవ్స్ కేంద్రం జకార్ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టింది. భాష రాకపోతే కష్టం, కానీ మ్యాపులు చూడటానికి భాష అక్కర్లేదు. మన నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో అండమాన్ పేరుతో వెతకండి. 1945 తర్వాత నష్టపరిహారాల, ఉద్యోగుల పాత జీతాల ఫైళ్ళు లాంటివి తగిలితే వదలకండి. యుద్ధం పుస్తకాల్లో కనిపించని మామూలు మనుషుల పేర్లు అలాంటి చోటే ఉంటాయి. మిల్లు అటవీ శాఖది కాబట్టి మీ ముత్తాతగారి పేరు కూడా ఆ వైపే వెతకాలి.

చెన్నైకి రెండో ముడి మా రెడ్‌హిల్స్ చెరువు. మీ కొళత్తూరుకు కూతవేటు దూరం. యుద్ధంలో అది ఆర్‌ఏఎఫ్ ఫ్లయింగ్ బోట్ల స్థావరం. 240 స్క్వాడ్రన్‌కు చెందిన కాటలీనా రకం ఫ్లయింగ్ బోట్లు అక్కడి నీళ్ళ మీది నుంచి లేచి బంగాళాఖాతం మీద పద్దెనిమిది, ఇరవై గంటలు కూడా తిరిగి వచ్చేవి. రహస్య దళాలను శత్రు తీరాల్లో దించే పనులకూ ఇక్కడి విమానాలను వాడారు. లిబరేటర్ అనే నాలుగు ఇంజన్ల బాంబర్లున్న 200 స్క్వాడ్రన్ సెయింట్ థామస్ మౌంట్‌లో ఉండేది. షోలవరంలో తర్వాత కార్ల రేసులు జరిగిన ట్రాక్ కూడా యుద్ధంనాటి ఎయిర్‌ఫీల్డే. అంటే పోర్ట్ బ్లెయిర్‌లో మీ అమ్మమ్మగారు తలెత్తి చూసిన సముద్రపు గస్తీ విమానం మన చెరువులో నుంచి లేచింది అయినా ఆశ్చర్యం లేదు. చెరువు దగ్గర ఇప్పుడు దాని ఆనవాలు వెతకబోతే నిరాశే. మెట్రో వాటర్ వాళ్ళు గట్టు మీదికి పోనివ్వరు కూడా. నందంబాక్కంలో కామన్‌వెల్త్ యుద్ధ శ్మశానం ఉంది, శుభ్రంగా ఉంచుతారు. అక్కడి సమాధి రాళ్ళ మీద వైమానిక దళం గుర్తులు చూస్తూ నడిస్తే తేదీలు మీకే చాలా చెబుతాయి. చేతిలో కాగితం, పెన్ను పెట్టుకుని వెళ్ళండి.

పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే ఆలోచన ఉంటే, ఊరి పేరు 2024 నుంచి శ్రీ విజయపురం. టికెట్లలో కంగారు పడకండి. చెన్నై నుంచి ఓడైతే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. వయసైనవాళ్ళను తీసుకెళ్ళేట్టయితే విమానమే మేలు. దిగే ఆ రన్‌వే కూడా జపాన్ వాళ్ళు జనంతో వెట్టిచాకిరీ చేయించి మొదలుపెట్టిన లాంబా లైన్ మైదానమే, తర్వాత పెంచారు. కార్బిన్స్ కోవ్ బీచ్‌కి పోయే రోడ్డు పక్కన జపాన్ బంకర్లు అలాగే ఉన్నాయి. వంగి లోపలికి దూరితే మనిషి నిలబడేంత ఎత్తు కూడా ఉండదు, సముద్రం వైపు అడ్డంగా సన్నటి సందు, దాంట్లోంచి రేవులోకి వచ్చే దారి మొత్తం కనిపిస్తుంది. గోడ మందం చేత్తో కొలిచి చూడండి. హంఫ్రీగంజ్ స్మారకం ఊరి బయట ఉంది, టూర్ ప్యాకేజీల్లో ఉండదు, ఆటో మాట్లాడుకుని వెళ్ళాలి. కార్ నికోబార్ మాత్రం గిరిజన రిజర్వు. ప్రత్యేక పాసు లేనిదే బయటివాళ్ళను రానివ్వరు, టూరిస్టులకు అసలే ఇవ్వరు. తెచ్చిపెడతామనే ఏజెంట్లకు డబ్బు కట్టకండి.